కన్నీళ్ల నడుమ ప్రార్థన

ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ ఆంధ్ర నుంచి జంషెడ్‌పూర్‌లోని సాక్చికి వచ్చి స్థిరపడ్డవాళ్లలో తెలుగు క్రైస్తవులూ ఉన్నారు. సొంతూరికి దూరంగా జబ్బో, చావో, ఉద్యోగం పోవడమో ఎదురైతే వాళ్లు మోకరించి ఏమని అడగాలి?

బైబిలు కీర్తనల్లో ఎన్నో మొరలే. 88వ కీర్తనైతే ఓదార్పు లేకుండా చీకట్లోనే ముగుస్తుంది. గెత్సేమనేలో యేసు ఒకే మనవిని మూడుసార్లు చేశాడు. కాబట్టి ఏడుస్తూ అడగడం విశ్వాసలోపం కానే కాదు.

అలా అడిగి ఎదురుచూసిన ఒంగోలు సంగతి వినండి. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగిన మరుసటి ఏడాది, 1854 జనవరి 1న తెల్లవారుజామున, మిషనరీలైన జ్యూయెట్ దంపతులు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండెక్కి, ఆ ఊరికి ఒక మిషనరీ రావాలని ప్రార్థించారు. ఆ ఊళ్లో మిషనరీ జాన్ క్లౌ స్థిరపడింది 1866లో. అంటే పన్నెండేళ్ల ఎదురుచూపు! తర్వాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలిపని చూపించాడు. ఆ ప్రార్థన అన్నం పెట్టడాన్ని మరవలేదు. నాకు అదే గొప్పగా తోస్తుంది.

మీ వీధిలో ఎవరైనా బాధలో ఉంటే ఉపదేశాలు చెప్పకండి. పక్కన కూర్చుని ప్రార్థించండి, ఆస్పత్రికి తోడు వెళ్లండి.