వ్యయము లేని దినచర్య

 

వాగ్భటాచార్యుని అష్టాంగహృదయమున సూత్రస్థానమందలి ద్వితీయాధ్యాయమునకు దినచర్య యని పేరు. ముప్పదియేండ్లకు పైగా సంస్కృతోపాధ్యాయులమై యుండి, అందలి విధులను బాలురకు వివరించితిమే కాని, మేము మాత్రము ఆచరింపమైతిమి. ఉద్యోగవిరమణానంతరము ఒకనాడు తల తిరిగి వైద్యుని కడకు బోగా, రక్తపోటు పైసంఖ్య 180 యని తేలినది. ఎన్నాళ్ళనుండి యని యాతడడిగెను. ఎన్నడును చూపించుకొనని వారము, ఏమని చెప్పగలము?

నాటినుండి వైద్యుడిచ్చిన మందుతోపాటు కొన్ని నియమములను బట్టితిమి. మందు మానుడని మా భావము కాదు. ఈ నియమములకు ధనవ్యయము లేదు, శ్రద్ధయొక్కటే కావలయును.

మొదటిది ఉప్పు. దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మనకో, ఆవకాయ, అప్పడము లేనిదే ముద్ద దిగదు. మేము ఆవకాయను విడువలేదు. దినమున కొక్క ముక్కతో దృప్తి జెందుచున్నాము.

రెండవది నడక. దినమునకు అరగంట చొప్పున వారమున అయిదు దినములు నడచిన, పెద్దలకు విధించిన 150 నిమిషములును పూర్తియగును.

మూడవది నిద్ర. రాత్రి పదిగంటలకు చేతిఫోనును వేఱొక గదిలో నుంచుచున్నాము.

నాలుగవది పాదపరీక్ష. మధుమేహము ముదిరినచో పాదములకు స్పర్శజ్ఞానము తగ్గుట కలదు. అట్టివారికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు; చిన్న పుండే కాలికి ముప్పగును. కావున ప్రతిరాత్రియు పాదములు కడిగి, వ్రేళ్ళసందులు తుడిచి, అరికాళ్ళను అద్దమున జూచుకొనవలయును.

మా గృహిణికి మధుమేహము కలదు. అందఱకు వడ్డించి కడపట భుజించెడి యామెకు తన పాదములు జూచుకొనుటకు తీఱిక లేకుండెను. ఒకనాడు నేలపై రక్తపు మరక గాంచి మేమే యామె యరికాలి పుండును కనుగొంటిమి. సకాలమున చికిత్స జరుగుటచే కాలు దక్కినది. అది మొదలు ప్రతిరాత్రియు నామె పాదములను మేమే పరీక్షించుచున్నాము. భర్త భార్యపాదములు పట్టుట యేమని నవ్వెడివారు నవ్వుదురు గాక!

తన్ను తాను కాపాడుకొనుట స్వార్థము కాదు; ఇంటివారి యెడల ఋణము తీర్చుకొనుటయే. మా ప్రార్థన యొక్కటి. నేటి విందున మన స్త్రీలు కడపంక్తికి నిలువక, మనతో గూడ మొదటిపంక్తినే కూర్చుందురు గాక. రాత్రి యిండ్లకు బోయి, అడుగనివారి పాదములను మీరే యడిగి చూడుడు.