కొల్లేరు పక్షులు – మన పొలాలు
(రైతు శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం తరగతుల్లో పక్షుల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. గిట్టుబాటు ధర లేదు, కౌలు రైతుకు అప్పు పుట్టదు, ఎరువుల ధరలు మండిపోతున్నాయి, వీటన్నిటి మధ్య పిట్టల గోల ఎందుకని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో ‘పక్షులా, మనుషులా?’ అనే మాట చాలా ఏళ్లుగా నలుగుతోంది. పక్షులను కాపాడాలంటే రైతు నష్టపోవాలని ఒకరంటారు. రైతు బతకాలంటే పక్షుల కేంద్రం పోవాలని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకోవాలంటే ముందు సరస్సును చూడాలి. అందుకే మేము మాఘం చివర్లో, ఫాల్గుణం మొదట్లో తెల్లవారుజామున గట్ల వెంట తిరిగి చూడటం మొదలుపెట్టాం.

ఈ రోజుల్లోనే ఎందుకంటే, ఇవి వలస పక్షులు తిరుగు ప్రయాణం కట్టే రోజులు. చలికాలం మొదట్లో ఉత్తరాది నుంచి, హిమాలయాల అవతల మధ్య ఆసియా, సైబీరియా దాకా ఉన్న చల్లటి ప్రాంతాల నుంచి సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, రకరకాల పరజలు, బురదలో ముక్కు గుచ్చి తినే ఉల్లంకి జాతి పిట్టలు మన వైపు వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎండ ముదురుతుంటే తిరిగి బయలుదేరతాయి. పోయేముందు అవి చేసే పని ఒక్కటే, కడుపారా తినడం. వేల మైళ్ల ప్రయాణానికి కావలసిన కొవ్వు ఒంట్లో పట్టాలి. ఆ తిండి ఇక్కడ దొరకకపోతే దారిలో రాలిపోతాయి, లేదా వెళ్లి గుడ్లు పెట్టే శక్తి ఉండదు.

స్థానికంగా ఉండే పక్షుల పని ఇంకో తీరు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు, అంటే పెలికాన్లు, ఆ రోజుల్లో గూళ్లమీద పిల్లలకు చేపలు మేపుతుంటాయి. అక్కడ చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతితే వాటి మీద కూడా గూళ్లు కట్టాయి. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1940లలో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో పెద్ద గూడబాతుల స్థావరాన్ని పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ చూసి రాశారు. ఊరి చెట్ల మీదే, మనుషుల మధ్యే అవి గూళ్లు కట్టుకునేవి. 1970ల నాటికి ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. పోయిన పక్షి తిరిగి రావడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. పోగొట్టుకోవడానికి అంత కాలం పట్టదు.

గట్టు మీద నిలబడి కాసేపు చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. అన్ని పక్షులూ ఒకేచోట మేయవు. ఉల్లంకి పిట్టలకు చీలమండ లోతు బురద కావాలి. కొంగలకు మోకాలి లోతు చాలు. బాతులకు తలకిందులై అడుగు అందుకునేంత నీళ్లు చాలు. బొల్లికోళ్లకు నాచూ తుంగా కావాలి. గూడబాతుకు చేపలున్న కాస్త లోతు నీరు కావాలి. ఇన్ని రకాలు ఒకచోట కనిపించాయంటే అక్కడ నేల వాలుగా ఉందని, నీరు స్వేచ్ఛగా పరుచుకుంటోందని, వరద తగ్గేకొద్దీ మెల్లగా వెనక్కి జరుగుతోందని అర్థం. అదే సరస్సు లక్షణం.

ఇప్పుడు చేపల చెరువును చూడండి. చుట్టూ ఎత్తైన గట్టు, లోపల అంతటా ఒకే లోతు. అంచు లేదు, బురద లేదు, తుంగ లేదు. అందులో నీరున్నా ఉల్లంకి పిట్ట కాలు మోపే చోటు ఉండదు. ఈ మాట పక్షి కోసం మాత్రమే కాదు, మన కోసం కూడా. పిట్టకు చోటు లేని ఆ చెరువులో వరద నీటికి కూడా చోటు లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేరులో పడాలి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. గట్లు అడ్డుపడితే ఆ నీరు ఎటు పోతుంది? వెనక్కి తంతుంది. ముందు మునిగేది ఎగువనున్న వరి చేలు. 2005లో, మళ్లీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు పట్నం సంగతి దేశమంతా మాట్లాడుకుంది. రోజుల తరబడి నీళ్లలో నానిన చేల సంగతి ఎంతమంది మాట్లాడారు? బుడమేరు వరదకు కారణాలు అనేకం. ఏటి దారి ఆక్రమణలు, గండ్లు కూడా ఉన్నాయి. కానీ చివరికి ఆ నీరు చేరాల్సిన గిన్నె పూడిపోతే పైన ఎన్ని పనులు చేసినా ప్రయోజనం తక్కువ.

వేసవిలో ఇంకో బాధ. సరస్సులో మంచినీటి మట్టం తగ్గితే ఉప్పుటేరు వెంట సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. ఆకివీడు వైపు రైతులకు చౌడు సంగతి మేము చెప్పనక్కరలేదు. అంటే పక్షి కోరేది, దాళ్వా రైతు కోరేది ఒకటే: సరస్సులో మంచినీళ్లు నిలవాలి, ఎక్కువైన నీళ్లు సాఫీగా పోవాలి.

అలాగని పక్షుల వల్ల నష్టమే లేదని మేము అనడం లేదు. నారుమళ్లలో బాతులు దిగితే విత్తనం మిగలదు. నీలిబొల్లికోళ్లు పైరు తొక్కేస్తాయి. చేపల రైతుకు గూడబాతు శత్రువులాగే కనిపిస్తుంది. కానీ ఖాతాలో రెండో వైపు కూడా చూడాలి. నత్తగొట్టు కొంగలు నత్తలను ఏరి తింటాయి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక తెల్లకొంగలు ఎందుకు నడుస్తాయో మనకు తెలుసు. కోత కోసిన చేలో బాతులు రాలిన గింజను, కలుపు విత్తనాన్ని తింటాయి. నెల్లూరు వైపు నేలపట్టులో పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి బలమని రైతులు చెబుతారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1991లో వరిగడ్డి తగలబెట్టడాన్ని తగ్గించే చట్టం వచ్చాక, రైతులు చలికాలంలో కోసిన చేలకు నీరు పెట్టడం మొదలుపెట్టారు. వలస బాతులు దిగి తొక్కడంతో గడ్డి త్వరగా కుళ్లుతోందని అక్కడి పరిశోధకులు తేల్చారు.

ఇక న్యాయం సంగతి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు దాకా, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ కాంటూరు లోపల జిరాయితీ భూములున్న రైతులున్నారు, డీ-పట్టాలున్న పేదలున్నారు, తరతరాలుగా వేట మీద బతికే మత్స్యకారులున్నారు. గట్టు కొట్టేసిన రోజున పెద్ద పెట్టుబడిదారు ఇంకోచోట చెరువు తవ్వుకోగలిగాడు. చిన్నవాడు వీధిన పడ్డాడు. ఆ గాయం మీదే ‘పక్షులా, మనుషులా’ అనే మాట పుట్టింది. 2008లో కాంటూరును 3 అడుగులకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. తగ్గిస్తే ఆ భూముల్లో లేచే గట్లు ఎవరివి? కౌలుకు తీసుకుని వందల ఎకరాలు తవ్వగలిగినవాళ్లవి. మునిగే చేలు ఎవరివి? మనవి.

అందుకని మా అభిప్రాయం ఇది. జిరాయితీ రైతులకు భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి. మత్స్యకారులకు సంప్రదాయ వేట హక్కు, జీవనోపాధి చూపాలి. ఉప్పుటేరు పూడిక తీయాలి, ఉప్పునీటిని ఆపే రెగ్యులేటర్లు కట్టాలి. పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి కాకుండా సరస్సులో కలవకూడదు. పక్షుల వల్ల పంట పోయిన రైతుకు పరిహారం దక్కాలి.

మన వంతు కూడా కొంత ఉంది. బాతుల కోసం గింజలకు గుళికల మందు కలిపి చల్లడం మన ఊళ్లలో ఎక్కడా జరగకూడదు. ఆ విషం పిట్టతో ఆగదు. ఆ బాతును ఎవరో పట్టి అమ్ముతారు, ఎవరో వండి పిల్లలకు పెడతారు. ఆ నీటినే మన పశువులు తాగుతాయి. నారుమళ్ల దగ్గర కాపలా, రంగు రిబ్బన్లు, డప్పు చాలు.

ప్రతి గ్రామ శాఖ ఒక పుస్తకం పెట్టమని కోరుతున్నాం. ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, అందులో మన యువకులు పాల్గొనాలి. ఫిబ్రవరి, మార్చిలో వారానికోసారి ఏ పక్షులు ఎక్కడ దిగాయి, నీటి లోతు ఎంత, ఉప్పదనం ఉందా, ఎక్కడ కొత్త గట్టు లేచింది అన్నవి రాయాలి. రేపు అధికారుల ముందు కూర్చున్నప్పుడు మన చేతిలో తేదీలతో సహా లెక్క ఉండాలి. పక్షులు ఈ నెలాఖరుకు చాలావరకు వెళ్లిపోతాయి. కాబట్టి వచ్చే ఆదివారం నుంచే మొదలుపెడదాం.