సత్యవ్రతము – గ్రామసభ
(అయ్యంకి వెంకట రమణయ్యగారి స్మృత్యర్థము అన్నవరమున చేసిన ఉపన్యాసము)



ఈ గోదావరీసీమయందలి కొంకుదురు గ్రామమున 1890లో జన్మించి, గ్రంథాలయమును పట్టణపు మేడలనుండి పల్లెటూరి రచ్చబండకు తెచ్చుటయే జీవితవ్రతముగా పెట్టుకొన్న అయ్యంకి వెంకట రమణయ్యగారికి అంజలి ఘటించుచున్నాను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతను, ఆంధ్రదేశపు గ్రంథాలయములవారు కూడిన సభకు ప్రాణము పోసినవారు రమణయ్యగారు. పల్లెలో గ్రంథాలయము నిలువవలెనన్న చందాలు వసూలుచేయవలెను, కార్యదర్శిని ఎన్నుకొనవలెను, ఏ పత్రిక తెప్పింపవలెనో పదుగురు తర్కించి తేల్చుకొనవలెను, ఏడాది తిరుగగానే జమాఖర్చులను సభలో చదివి వినిపింపవలెను. వోటుహక్కు కొలదిమందికే పరిమితమైయున్న ఆ దినములలో, స్వరాజ్యము రాకమునుపే, సామాన్యజనులు స్వపరిపాలనమును అభ్యసించిన బడులు మన గ్రంథాలయములు.

పదుగురి సొత్తును పదుగురెదుట లెక్కచెప్పి పంచుకొనుటయందే పౌరవిద్య అలవడునని నా దృఢవిశ్వాసము. ఆ విశ్వాసమును మీ యెదుట ప్రతిపాదించుటకు ఈ రత్నగిరికంటె తగిన తావు నాకు దొరకదు. 1891లో సత్యనారాయణస్వామి ఇచ్చట ప్రతిష్ఠితుడైన నాటినుండి పంపాతీరమున నిత్యము వినబడుచున్న వ్రతకథలను మీలో ఎరుగనివారుండరు. ఓడలో ఏమున్నదని యతి అడుగగా, ధనమును దాచుకొని, ఆకులలములని బొంకిన వర్తకుని సరకంతయు ఆకులలములే యయ్యెను. చెట్టుక్రింద గోపాలకులు భక్తితో ఇచ్చిన ప్రసాదమును రాజుననెడి గర్వముచే త్రోసిపుచ్చిన తుంగధ్వజుడు సర్వమును కోల్పోయి, తుదకు ఆ గోపాలకుల నడుమనే కూర్చుండి పూజచేసి, పోయిన భాగ్యమును మరల పొందెను. భక్తులకు ఇవి స్వామి మహిమను చాటు కథలు. నాకు వీనిలో సభాధర్మమునకు మూలస్తంభములైన నియమములు రెండు కానవచ్చుచున్నవి. ఉన్నదానిని లేదని బొంకరాదు. సభలో కూర్చున్నవానిని కులముచేతగాని కలిమిచేతగాని చులకన చేయరాదు.

ఈ నియమములు తప్పిన చోట ఏమి జరుగునో డెల్టా రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. 1847 మొదలు 1852 వరకు సర్ ఆర్థరు కాటను ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్టవలన గోదావరి నీరు కాలువలకెక్కినది. కాని కాలువలోని నీరు బోదెలోనికి, బోదెలోనిది మడిలోనికి న్యాయముగా దిగుట ఏ ఇంజనీరు చేతిలోను లేదు. తూముదగ్గరివాడు వంతు మీరినచో శివారు రైతు పైరు ఎండిపోవును. లస్కరు ఒక్కడు వారి తగవు తీర్పలేడు. 1997లో రాష్ట్రశాసనసభ చేసిన చట్టము ప్రతి ఆయకట్టునకును రైతులే ఎన్నుకొను నీటిసంఘమును ఏర్పరచి, ఈ తగవు తీర్చుభారమును రైతులకే అప్పగించినది. సంఘపు లెక్కలను శివారు రైతు అడిగి విన్నచోట ఆ చట్టము సజీవముగా ఉండును. అడుగనిచోట కాలువ మరమ్మతు కాగితముమీదనే ముగియును.

సముద్రమునకు ఆవల, ఇండొనేషియాలోని బాలిద్వీపమున, సుబాక్ అను నీటిసంఘములు శతాబ్దులుగా నడచుచున్నవి. ఒక్కొక్క సుబాకునకు ఒక దేవాలయమును, సభ్యులు తామే ఏర్పరచుకొన్న కట్టుబాట్లును, తామే ఎన్నుకొన్న పెద్దయు కలరు. ఏ మడికి ఎప్పుడు నీరు పెట్టవలెనో, ఎప్పుడు నాట్లు వేయవలెనో అందరును కూడి నిర్ణయింతురు. 1970 తరువాతి సంవత్సరములలో, అధికోత్పత్తిని కాంక్షించిన అధికారులు ఆ కట్టడిని లక్ష్యపెట్టక, ఎన్నిమారులు వీలైన అన్నిమారులు నాటుడని రైతులను ప్రోత్సహింపగా, నీటికి కొరతయు పైరునకు చీడయు దాపురించినవి. ఆ కట్టడియందలి వివేకమును లోకము గుర్తించి, 2012లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వములలో చేర్చినది. ఆ దేశముననే సుహార్తో ప్రభుత్వము 1978 నుండి పంచశీల యను జాతీయసిద్ధాంతములైదింటిని విద్యార్థులచేతను ఉద్యోగులచేతను నిర్బంధముగా వల్లెవేయించెను. 1998లో ఆయన పదవి వీడిన కొలదినెలలకే ఆ శిక్షణ రద్దయ్యెను. సుబాక్ నేటికిని నిలిచియున్నది. తమ మడికి నీరు తెచ్చు ధర్మమును జనులు మరువరు. పైనుండి దిగిన వల్లెను మరచిపోవుదురు. ఆ దేశపు 2014 నాటి గ్రామచట్టము ఊరి ముఖ్యవిషయములను గ్రామసమాలోచన సభలో తేల్చుకొనుమని విధించి, జాతీయ బడ్జెట్టునుండి గ్రామములకు నిధిని ఏర్పరచినది.

మనకు చట్టముల కొరత లేదు. 1959 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యము ఆరంభమైనది. 73వ రాజ్యాంగసవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానిననుసరించిన 1994 నాటి రాష్ట్రచట్టము, గ్రామసభ ఏటికి కనీసము రెండుమారులైనను కూడవలెననియు, సాలుసరి లెక్కలును ఆడిటు నివేదికయు దానియెదుట ఉంచవలెననియు ఆదియందే విధించినది. స్త్రీలకు స్థానములలో మూడవవంతును, పిమ్మట మన రాష్ట్రమున సగమును లభించినవి. అయినను ఎన్ని ఊళ్లలో గ్రామసభ యనగా సంతకాల పుస్తకము ఇంటింటికి తిరుగుటగా మాత్రమే మిగిలినది! ఎన్నికైన సర్పంచి ఇంట కూర్చుండగా ఆమె భర్త కుర్చీనెక్కిన సభలెన్ని! ఇది వ్రతము చేయక ప్రసాదము పంచుకొనుట. ఈ మాట నొప్పించినను చెప్పకతప్పదు. ఏలయన, మౌనముగా ఉన్న గ్రామసభలో పోవునది బీదవాని పాలే.

కావున పెద్దలారా! పంచాయతీరాజ్యపు పాఠమును తరగతిలో చెప్పిన ఉపాధ్యాయులు, తొమ్మిదవ తరగతి పిల్లలను గ్రామసభకు వెంటబెట్టుకొని పొండు. ఆదాయవ్యయ పట్టికను వారిచేత బిగ్గరగా చదివింపుడు. 1960 నాటి గ్రంథాలయ చట్టముననుసరించి ఇంటిపన్నుతోకూడ మనమిచ్చుచున్న గ్రంథాలయ సుంకము ఎంత వసూలైనదో, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత చేరినదో ఆ సభలోనే అడుగుడు. అడిగిన కూలిమనిషిని కసరక, అర్థమగువరకు మరల చదివి వినిపించుట సర్పంచి ధర్మము. సర్పంచి మాటకు అడ్డుపడక వినుట తక్కినవారి ధర్మము. మీ మీ గ్రామములందు ఇకముందు కూడు గ్రామసభనుండియే ఈ ఆచారమును ఆరంభింపుడని మిమ్ములను వేడుచున్నాను.