మాటిమాటికీ ఆగిపోయే కంప్యూటర్



కిందటి వేసవిలో మా ఇంట్లో కంప్యూటర్ పది నిమిషాలకోసారి దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది. వైరస్ అన్నారొకరు. విండోస్ మళ్ళీ ఎక్కించమన్నారు మరొకరు. ఆ పని మొదలుపెట్టబోతుంటే మా ఆవిడ అడ్డుపడింది. "అందులో మామయ్యగారి గొంతు ఉంది కదండీ!" అంది. నాన్నగారు ఫోన్లో చెప్పిన ఊరి కబుర్లు రికార్డు చేసి అందులోనే దాచాను. ఆయన ఇప్పుడు లేరు. వేరే కాపీ లేదు.

అందుకే రిపేరుకు ముందు కాపీ తీయండి. మిషను చల్లారాక ఆన్ చేసి, ముందు ముఖ్యమైనవి బయటి డిస్కులోకి ఎక్కించండి. హార్డ్ డిస్కు టకటకమంటుంటే మాత్రం వెంటనే ఆపేసి, తెలిసినవారికి చూపించండి.

తర్వాత, ఎప్పుడు ఆగుతోందో గమనించండి. కాసేపు బాగా నడిచి, వీడియోలాంటి బరువైన పని పెట్టగానే ఆగితే వేడిని అనుమానించాలి. మన గల్ఫ్ దుమ్ము సంగతి తెలిసిందేగా! ప్లగ్గు తీసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, గాలి డబ్బాతో ఊదండి.

నీలితెర రోజుకో కోడ్‌తో వస్తుంటే మెమరీ చూడండి. పరీక్షించే ప్రోగ్రామ్, మెమరీ డయాగ్నస్టిక్, విండోస్‌లోనే ఉంది. రెండు మెమరీ కార్డులుంటే ఒక్కోటి తీసి నడిపి చూడండి. కొత్త డ్రైవర్ వేసిన రోజునుంచే మొదలైతే ముందు దాన్ని తీసేయండి.

మా దాంట్లో తేలిందేమిటంటే, ప్రాసెసర్ ఫ్యాను నిండా దుమ్మే! దులిపాక మళ్ళీ ఆగలేదు. నాన్నగారి గొంతు ఇప్పుడు ఇక్కడా, బయటి డిస్కులోనూ, ఊళ్ళో అన్నయ్య దగ్గరా ఉంది. మీ ఇంటి జ్ఞాపకాలు ఎన్నిచోట్ల ఉన్నాయో ఈ రాత్రే చూసుకోండి.