కానరాని కిరణములు
(పాఠశాల వార్షికోత్సవమున విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాల బాలుడొకడు ఆటలో పడి చేయి విరుగగొట్టుకొనెను. వైద్యులు ఎక్స్‌రే తీయించుమనిరి. కిరణములు బిడ్డకు హాని చేయునని తల్లి భయపడి, నాటుకట్టు కట్టించెను. ఎముక వంకరగా అతికినది. ఆ బాలుని అక్క మన పదవ తరగతి విద్యార్థిని. ఈ పాఠము చదివినదే. ఇంటిలో ఆమెను అడిగినవారు లేరు. తానై చెప్పుటకు ఆమెకు ధైర్యము చాలలేదు. ఇందు నా తప్పును కలదు. పాఠమును పరీక్షకు చెప్పితిని గాని ఇంటికి చెప్పనైతిని.

చెరువులో రాయి వేసినచో అలలు లేచును. ఒక అల శిఖరమునుండి మరియొక శిఖరమునకు గల దూరమే తరంగదైర్ఘ్యము. వెలుగు విద్యుదయస్కాంత తరంగమని 1865లో మాక్స్‌వెల్ సిద్ధాంతీకరించెను. ఈ తరంగములన్నియు శూన్యమున సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. భేదమెల్ల దైర్ఘ్యముననే.

అన్నిటికంటె పొడవైనవి రేడియో తరంగములు. మన తమిళనాట ఉదకమండలమున 1970లో నెలకొల్పిన 530 మీటర్ల పొడవుగల రేడియో దూరదర్శిని, నక్షత్రలోకములనుండి వచ్చు సుమారు 92 సెంటీమీటర్ల తరంగములను పట్టుటకు నిర్మింపబడినది. వానికంటె పొట్టివి సూక్ష్మతరంగములు. పిదప పరారుణ కిరణములు. 1800లో హెర్షెల్ ఎరుపు రంగు కావల, వెలుగు కానరాని చోట, ఉష్ణమాపకము నుంచగా పాదరసము పైకెక్కెను. అటుపై మన కంటికి కనబడు ఏడు రంగులు. ఊదా కావల అతినీలలోహితము. దానికావల 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్స్ కిరణములు. తుదను గామా కిరణములు.

తరంగము పొట్టిదైనకొలది దాని యొక్కొక్క శక్తికణము బలము హెచ్చు. రేడియో మొదలు కంటి వెలుగు వరకు గలవి మితిమీరినచో వేడిమిచే బాధించును గాని, ఎక్స్, గామా కిరణములవలె అణువులనుండి ఎలక్ట్రానులను పెకలింపజాలవు. కావున ఎక్స్ కిరణములయెడ జాగ్రత్త తగినదే. వైద్యుడు కోరనిదే తీయించుకొనరాదు. గర్భవతులు ముందుగా తెలుపవలెను. అయినను చేతికి తీయు ఒక్క ఎక్స్‌రే వలన సోకునది, నేలనుండియు ఆకాశమునుండియు ఒక్క దినమున మనకు సహజముగా సోకుదానికంటె తక్కువ. విరిగిన చేతికి దాని మేలు ఎంతయో అధికము.

ఇక నిజముగా భయపడవలసిన చోట మనము భయపడుటలేదు. గ్రహణ దినమున పొగపట్టించిన గాజుతో సూర్యుని చూచుట నేటికిని కలదు. కానరాని పరారుణ కిరణములు ఆ మసిని దాటిపోవచ్చును. కంటి లోపలి పొరకు నొప్పి తెలియదు; చూపు పోయిన పిమ్మటగాని కీడు తెలియదు.

తల్లులారా, తండ్రులారా, నేను కోరునది ఒక్కటే. ఈ రాత్రి భోజనమువేళ మీ పిల్లలను, “నేడు ఏమి చదివితివి? నాకును చెప్పుము” అని అడుగుడు. వారు తెలుగున చదివినది తెలుగుననే చెప్పగలరు. తడబడినచో మరునాడు నాకడకు పంపుడు. మన బడి చదువు మన ఇంటి గడప దాటి లోనికి వచ్చుగాక.