పరిమితి తగ్గినా పరపతి తగ్గరాదు

తెలుగులో పరపతి అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. నలుగురిలో ఒకరికి ఉన్న మంచిపేరును పరపతి అంటాము. ఆ పేరును నమ్మి ఇతరులు ఇచ్చే అప్పును కూడ పరపతి అనే అంటాము. సహకార పరపతి సంఘము అన్నప్పుడు మన మనసులో ఉండేది ఈ రెండవ అర్థమే. ఒకే మాట రెండింటికీ చెల్లడములో వింత లేదు. పేరున్న వానికే అప్పు పుడుతుంది; అప్పును సకాలములో తీర్చిన వానికే పేరు నిలుస్తుంది. పూర్వము ఈ లెక్క అంగడి షావుకారు మనసులో ఉండేది. నేడు అది పరపతి సమాచార సంస్థల దస్త్రాలలో మూడంకెల సంఖ్యగా ఉంటున్నది. ఆ సంఖ్యకు సంబంధించిన ఒక చిక్కును గురించి ఈ ప్రసంగములో మనవి చేస్తాను. బ్యాంకు వారు మన క్రెడిట్ కార్డు పరిమితిని తగ్గించినప్పుడు మనము ఏమి చేయవలె?

క్రెడిట్ కార్డు మనకు మరీ కొత్తది కాదు. 1980 దశకము ఆరంభములోనే దీనిని మన దేశములో ప్రవేశపెట్టిన తొలి బ్యాంకులలో, 1923లో బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంకు ఒకటి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. అయితే ఖాతాదారుల చెల్లింపుల చరిత్రను ఒకచోట చేర్చే ఏర్పాటు చాలాకాలము తరువాత వచ్చింది. సిబిల్ సంస్థ 2000లో ఏర్పడినది. 2005లో పరపతి సమాచార సంస్థల చట్టము వచ్చింది. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు నేడు ఈ పని చేస్తున్నాయి. వీరు ఇచ్చే స్కోరు 300 నుండి 900 వరకు ఉంటుంది. సంఖ్య పెద్దదైన కొలది నమ్మకము పెద్దది.

పరిమితి తగ్గినదని బ్యాంకు నుండి వార్త వచ్చినప్పుడు మనుషులు రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. కొందరు అవమానముగా భావించి, ఆ కార్డును వెంటనే రద్దు చేయిస్తారు. మరికొందరు 'నేను అంత ఖర్చు చేయను గదా' అని పట్టించుకోరు. ఈ రెండూ పొరపాటే. ఎందువల్లనో ఒక ఉదాహరణతో చూద్దాము.

ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడనుకుందాము. ఆయన కార్డు పరిమితి 2,00,000 రూపాయలు. ఇంటి సరుకులు, కరెంటు బిల్లు, బీమా అన్నీ కలిసి నెలకు 50,000 దాని మీద ఖర్చు చేసి, గడువులోపల పూర్తిగా చెల్లిస్తాడు. అంటే పరిమితిలో ఆయన వాడేది నూటికి 25 వంతులు. బ్యాంకు ఆ పరిమితిని 80,000కు తగ్గించింది. ఆయన ఖర్చు ఒక్క రూపాయి పెరగలేదు, అలవాటు మారలేదు. అయినా వాడకము నూటికి 62న్నర వంతులకు చేరినది. దస్త్రము చూసే వారికి, నిన్నటి వరకు నిబ్బరముగా ఉన్న మనిషి నేడు అప్పుకు ఎగబడుతున్నట్లు కనబడుతుంది. నూటికి 30 వంతులకు లోపల వాడుకొనడము మంచిదని సాధారణముగా చెప్పే సలహా. ఆయన కుమార్తె పైచదువు కోసము అదే నెలలో విద్యారుణానికి దరఖాస్తు పెట్టుకున్నదనుకుందాము. తోడు రుణగ్రహీతగా సంతకము పెట్టే తండ్రి స్కోరును పరిశీలించడము బ్యాంకుల పద్ధతి. తండ్రి దస్త్రములోని ఆ నిష్పత్తి బిడ్డ చదువుకు అడ్డుపడే సందర్భము ఇటువంటిది.

ఇక బ్యాంకులు పరిమితిని ఎందుకు తగ్గిస్తాయి? కొన్ని కారణాలు మనవైపు ఉంటాయి. ఈ బ్యాంకులో సక్రమముగా చెల్లిస్తూ, వేరొక బ్యాంకు వాయిదా తప్పినా ఆ సంగతి ఇక్కడికి తెలుస్తుంది. కార్డును చాలాకాలము వాడకపోయినా, దానితో తరచు నగదు తీసినా, ఇతర అప్పులు పెరిగినా బ్యాంకు జాగ్రత్తపడుతుంది. కొన్ని కారణాలు మన చేతిలో లేనివి. 2020లో కరోనా సమయమున అనేకుల ఆదాయాలు దెబ్బతినగా, పలు బ్యాంకులు పరిమితులను తగ్గించాయి. 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు, బ్యాంకుల క్రెడిట్ కార్డు బాకీలకు లెక్కించే రిస్కు భారాన్ని నూటికి 125 నుండి 150కి పెంచింది. నూటికి 9 వంతుల మూలధనము ఉంచవలసిన బ్యాంకు, ప్రతి 100 రూపాయల కార్డు బాకీకి 11 రూపాయల 25 పైసలు కేటాయించే చోట 13 రూపాయల 50 పైసలు కేటాయించవలసి వచ్చినది. ఇటువంటి భారము పెరిగినప్పుడు బ్యాంకు చేయి బిగించడము సహజము. కాబట్టి పరిమితి తగ్గినంత మాత్రాన మన మీద మచ్చ పడినదని కుంగిపోనక్కరలేదు.

పరిమితిని తగ్గించినప్పుడు ఆ సంగతి కార్డుదారునికి తెలియజేయవలెనని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న వెలువరించిన నిబంధనలలో ఉన్నది. పెంచడానికి మాత్రము మన స్పష్టమైన సమ్మతి కావలె. వార్త అందగానే చేయవలసిన మొదటి పని, కారణమేమిటని బ్యాంకును వ్రాతమూలకముగా అడగడము. ఆదాయము పెరిగిన వారు కొత్త జీతపు పత్రాలు, ఆదాయపుపన్ను పత్రాలు జతచేసి పాత పరిమితిని పునరుద్ధరించమని కోరవచ్చును. బ్యాంకు ఒప్పుకొని తీరవలెనని లేదు. కాని అడగనిదే ఏదీ జరగదు.

రెండవ పని, బిల్లు తయారయ్యే తేదీకి ముందే కొంత చెల్లించడము. మన ఉపాధ్యాయుడు ఆ తేదీకి ముందుగా 26,000 చెల్లిస్తే బిల్లులో మిగిలేది 24,000. అది 80,000లో సరిగ్గా నూటికి 30 వంతులు. ఖర్చు అదే, ఆదాయము అదే. చెల్లించే రోజు మాత్రమే మారినది. బ్యాంకులు ఈ వివరాలను కనీసము పదిహేను రోజులకు ఒకసారి పంపవలెనని 2025 జనవరి 1 నుండి నియమము అమలులోకి వచ్చినది గనుక, ఇటువంటి దిద్దుబాటు ఫలితము త్వరగానే కనబడుతుంది.

మూడవ పని, కార్డు నుండి తమంతట తాము వసూలయ్యే బిల్లులను సరిచూసుకొనడము. తగ్గిన పరిమితి నిండిపోయిన నెలలో బీమా వాయిదా చెల్లకుండా పోతే, నష్టము స్కోరుతో ఆగదు.

చేయకూడని పనులు కూడ ఉన్నాయి. కోపముతో పాత కార్డులను రద్దు చేయించరాదు. ఆ ఉపాధ్యాయునికి 70,000 పరిమితితో ఇంకొక కార్డు ఉన్నదనుకుందాము. రెండూ కలిసి 1,50,000; అందులో 50,000 అంటే మూడవ వంతు. రెండవ కార్డును తీసివేస్తే మళ్లీ 62న్నరకు చేరుతాడు. అలాగే లోటు పూడ్చుకొనడానికి ఒకే వారములో నాలుగు బ్యాంకులకు దరఖాస్తులు పెట్టరాదు. ప్రతి దరఖాస్తుకు ఒక విచారణ దస్త్రములో నమోదవుతుంది. మన నివేదికను మనమే చూసుకుంటే మాత్రము స్కోరు తగ్గదు.

ఇంతవరకు చెప్పినది నెలనెలా పూర్తిగా చెల్లించేవారి సంగతి. అసలే బాకీ మోస్తున్నవారికి పరిమితి తగ్గడము పెద్ద హెచ్చరిక. 60,000 బాకీ మీద నెలకు మూడున్నర శాతము వడ్డీ అనుకుంటే 2,100 రూపాయలు. దానిపై 18 శాతము జీఎస్టీ 378. నెలకు 3,000 చెల్లించినా, అసలులో తగ్గేది 522 రూపాయలే. పైగా పాత బాకీ నిలిచి ఉండగా కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు దక్కదు. అటువంటివారు కార్డు వాడకము నిలిపి, బాకీని తక్కువ వడ్డీ వాయిదాలలోకి మార్చమని బ్యాంకుతో మాట్లాడవలె. ఒక కార్డుతో నగదు తీసి మరొక కార్డు బాకీ కట్టడము, గొయ్యి పూడ్చడానికి పక్కన ఇంకొక గొయ్యి తవ్వినట్లు ఉంటుంది.

చివరగా దస్త్రమును పరీక్షించుకొనే సంగతి. ప్రతి సమాచార సంస్థ నుండి సంవత్సరానికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగా పొందే హక్కు 2017 నుండి మనకు ఉన్నది. తగ్గించిన పరిమితి సరిగా నమోదైనదా, తీర్చిన బాకీ ఇంకా నిలిచి ఉన్నట్లు చూపుతున్నదా అని చూడవలె. తప్పు కనబడితే బ్యాంకుకు గాని, ఆ సంస్థకు గాని ఫిర్యాదు చేయవచ్చును. 30 రోజులలో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారము చెల్లించవలెనని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అది 2024 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చినది. అప్పటికీ న్యాయము జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా వ్రాసుకొనవచ్చును.

పరిమితిని నిర్ణయించేది బ్యాంకు. దానిలో ఎంత వాడాలో, ఎప్పుడు చెల్లించాలో నిర్ణయించేది మనము. మొదటిది మన చేయి దాటిపోయిన రోజున రెండవదానిని మరింత గట్టిగా పట్టుకొనవలె. ఇంట్లో పెద్ద అవసరము ఏదైనా రాబోతున్నదని తెలిస్తే, దరఖాస్తుకు మూడు నాలుగు నెలల ముందే నివేదిక తెప్పించుకొని, బాకీలను తగ్గించుకొని సిద్ధముగా ఉండడము గృహస్థులకు శ్రేయస్కరము.