మాల్టు విస్కీకి మార్కులు వేయడం ఎలా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశాల్లో డి.ఏ. బకాయిల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కార్యదర్శిగారు స్కాట్లండు సింగిల్ మాల్టు విస్కీల గురించి చెప్పమన్నారు. కొందరు ముసిముసిగా నవ్వుతున్నారు, కొందరు ముఖం చిట్లిస్తున్నారు. చిట్లించేవారికి కారణం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడిన తెలుగునేల మనది. అందుచేత ముందే మనవి చేస్తున్నాను. తాగమని చెప్పడానికి నేను నిలబడలేదు. అలవాటు లేనివారు అలాగే ఉండటం మంచిది. బి.పి., షుగరు మాత్రలు వేసుకునేవారు డాక్టరుగారిని అడగనిదే ముట్టరాదు. నేను చెప్పబోయేది రుచి చూడటం గురించి, చూసినదాన్ని నిజాయితీగా మార్కుల్లో పెట్టడం గురించి.

మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఒక సీసా కొని తెస్తారు. అది బీరువాలో బట్టల వెనక చేరుతుంది. సీసా మీద 12 అనో 18 అనో ఒక అంకె ఉంటుంది. దాని గురించి పుస్తకంలో చూస్తే 85 అనో 92 అనో ఇంకో అంకె ఉంటుంది. ఈ రెండు అంకెలూ ఏం చెబుతాయి, ఏం చెప్పవు అన్నదే నేటి విషయం.

ముందు సరుకేమిటో చూద్దాం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీనే మాల్టు అంటారు. ఆ మాల్టుతో, ఒకే బట్టీలో, రాగి పాత్రల్లో దించినది సింగిల్ మాల్టు. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లండులోనే ఓకు చెక్క పీపాల్లో కనీసం మూడేళ్ళు నిలవ ఉండాలి. సీసాలో ఆల్కహాలు 40 శాతానికి తగ్గకూడదు. 2009 నాటి బ్రిటిషు నిబంధనలు ఈ సంగతులన్నీ ఖరారు చేశాయి. ఒకప్పుడు ఈ మాల్టంతా ఇతర విస్కీలతో కలిపి అమ్మేందుకే పోయేది. 1963లో గ్లెన్‌ఫిడ్డిక్ కంపెనీవారు విడి మాల్టును దేశం వెలుపల గట్టిగా అమ్మడం మొదలుపెట్టాక దీనికి ప్రత్యేకమైన పేరు వచ్చింది. పేరు వచ్చాక పోలికలు, పోలికల వెనక మార్కులు వచ్చాయి.

ఇక మొదటి అంకె, వయస్సు. 12 అని ఉంటే అందులో కలిసిన పీపాలన్నిటిలో అతి చిన్నదాని వయస్సు 12 ఏళ్ళని అర్థం. అది పీపాలో గడిపిన కాలం మాత్రమే. సీసాలోకి దిగాక విస్కీకి వయస్సు పెరగదు. కనుక పన్నెండేళ్ళ సీసాను బీరువాలో పదేళ్ళు దాస్తే అది ఇరవైరెండేళ్ళది కాదు. పీపాలోనైనా వయస్సు పెరిగినకొద్దీ రుచి పెరుగుతుందనే హామీ లేదు. మరీ ఎక్కువకాలం ఉంటే చెక్క వగరు తప్ప మరేమీ మిగలకపోవచ్చు. మనుషుల్లో సీనియారిటీ వేరు, సామర్థ్యం వేరు అన్నది మనకు కొత్త సంగతి కాదు.

రంగు చూసి కూడా మోసపోకూడదు. బట్టీ నుంచి దిగిన విస్కీ నీళ్ళలా తెల్లగా ఉంటుంది. రంగు పీపా నుంచి వస్తుంది. అది చాలదనుకుంటే మాడ్చిన చక్కెర రంగు కలుపుకోవడానికి నిబంధనలే అనుమతిస్తున్నాయి. కంటి ప్రభావం ఎంతటిదో ఫ్రాన్సులో ద్రాక్ష సారాయి మీద జరిపిన పరీక్ష ఒకటి చూపింది. 54 మంది విద్యార్థులకు తెల్ల వైనులో వాసనలేని ఎర్రరంగు కలిపి ఇస్తే, వారు ఎర్ర వైనుకు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. ఈ ఫలితం 2001లో అచ్చయింది.

కనుక మార్కులు వేయడంలో మొదటి సూత్రం, సీసా కనిపించకూడదు. పరీక్షల్లో జవాబు పత్రం మీద హాల్‌టికెట్ నంబరు తీసేసి కోడు నంబరు వేస్తారు చూడండి, సరిగ్గా అలాగే. ఎవరో ఒకరు పక్కగదిలో పోసి గ్లాసులకు ఒకటి, రెండు, మూడు అని చీటీలు అంటించాలి. గ్లాసు తామరమొగ్గలా పైకి సన్నగా ఉంటే వాసన నిలుస్తుంది. పది పదిహేను మిల్లీలీటర్లు చాలు. ముక్కు లోపలికి పెట్టి గట్టిగా పీలిస్తే ఘాటుకు ముక్కు మొద్దుబారుతుంది. కాస్త దూరంగా, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడాలి. తరువాత ఒక్క గుక్క నోట్లో తిప్పాలి. ఆపైన కొన్ని నీటి చుక్కలు వేసి మళ్ళీ చూడాలి. నీళ్ళు కలిపితే పాడవుతుందన్నది అపోహ. వృత్తి పరీక్షకులు దాదాపు 20 శాతానికి పలుచన చేసి వాసన చూస్తారు. పొగవాసనకు కారణమైన గ్వయకాల్ అనే పదార్థం నీళ్ళు కలిపినప్పుడు పైపొరకు చేరుతుందని 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కంప్యూటరు లెక్కలతో చూపారు. చివరగా, మింగాక గానీ ఉమ్మాక గానీ రుచి ఎంతసేపు నిలిచిందో గమనించాలి. వృత్తిలో ఉన్నవారు ఎక్కువగా ఉమ్మేస్తారు. పని అంతా ముక్కుది. తాగుబోతుకూ పరీక్షకుడికీ తేడా ఇక్కడే ఉంది.

ఇక రెండో అంకె. మైకేల్ జాక్సన్ అనే ఇంగ్లీషు రచయిత (పాటగాడు కాదు, వేరే ఆయన) 1989లో ప్రచురించిన పుస్తకంలో మాల్టులకు నూటికి మార్కులు వేశారు. జిమ్ మరే అనే మరో రచయిత వాసనకు 25, రుచికి 25, ముగింపుకు 25, సమతూకానికి 25గా విభజించారు. 2010 సంచికలో ఆయన బెంగుళూరులో తయారైన అమృత్ ఫ్యూజన్‌కు 97 వేసి, ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చారు. మన దేశపు మాల్టు అనగానే పెదవి విరిచేవారు ఆ తరువాత ఆగి చూశారు. 2015 సంచికలో జపాను వారి యమజాకికి మొదటి స్థానం దక్కగానే ఆ సీసా దొరకడం గగనమైంది. ఒక్కరి ముక్కు చెప్పిన అంకెకు బజారులో ధర మారిపోతుందన్నమాట. అంకె వేసేవాడి బాధ్యత అంతటిది.

మరి ఆ అంకెను నమ్మవచ్చా? ఒక ఉదాహరణ చూడండి. ఐలా ద్వీపంలో మాల్టును పీట్ అనే బురదమట్టి పొగమీద ఆరబెడతారు. అక్కడి లఫ్రోయిగ్‌లో పొగ, అయోడిన్, ఆసుపత్రి వరండా వాసన ఉంటాయి. స్పే నదీ ప్రాంతపు మెకాలన్‌ను ఎక్కువగా షెర్రీ సారాయి పీపాల్లో ఉంచుతారు. అందులో ఎండుద్రాక్ష, ఖర్జూరం, లవంగం తోస్తాయి. ఒక పరీక్షకుడు రెండింటికీ 88 వేయవచ్చు. కానీ పొగ పడనివాడికి మొదటి సీసా కషాయమే. 88 అనే అంకె ఈ ముక్క చెప్పదు.

మన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు గుర్తున్నాయి కదా. అధికారి ‘గుడ్’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే మనిషి కనబడడు. ‘ఫైళ్ళు సకాలంలో పంపుతాడు, లెక్కల్లో తేడా రాదు, కోపం జాస్తి’ అని రాస్తే కనబడతాడు. ఆ రాత చూసి, ఎక్కడ వేస్తే పనికొస్తాడో పైవాళ్ళు తేల్చుకుంటారు. విస్కీకైనా అంతే. మార్కు కన్నా దాని కింద రాసిన రెండు వాక్యాలు ముఖ్యం. ఆ వాక్యాలు కూడా మనకు తెలిసిన మాటల్లో ఉండాలి. స్కాట్లండు కొండల్లో పూసే పూలవాసన మనకు తెలియదు. అరటిపండు, కొబ్బరి, జాజికాయ, తాటిబెల్లం తెలుసు. తెలిసిన వాసనతో పోల్చితేనే అది సాక్ష్యం అవుతుంది. తెలియనిదాన్ని పుస్తకంలో చూసి ఎక్కించుకుంటే అది కాపీ కొట్టడం.

కాబట్టి మిత్రులారా, ఎవరైనా 95 అని చెబితే మూడు ప్రశ్నలు వేయండి. సీసా చూసి వేశారా, చూడకుండా వేశారా? ఎందుకు వేశారో రాశారా? ఇంకోరోజు మళ్ళీ వేస్తే అదే వస్తుందా? మూడింటికీ సరైన జవాబు ఉంటే ఆ మార్కుకు విలువ ఇవ్వండి. లేదంటే అది ధరల పట్టికలో ఇంకో గడి మాత్రమే. విస్కీ జోలికి పోనివారు ఇదే పద్ధతిలో కాఫీపొడికీ, ఆవకాయకూ మార్కులు వేసి చూడవచ్చు. ఇంట్లో పేరు కనిపించకుండా ఆవకాయకు మార్కులు వేస్తే వచ్చే పర్యవసానాలకు మాత్రం సంఘం బాధ్యత వహించదు.